గుడ్డ డైపర్లు: విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

గుడ్డ డైపర్ల సంగతి ఎత్తగానే అందరూ మొదట అడిగేది "ఏ కంపెనీవి కొనాలి?" అని. మా లెక్కలో అది నాలుగో ప్రశ్న. ముందు తేల్చుకోవాల్సినవి మూడు: మీ ఇంటికి ఏ నీళ్లు వస్తున్నాయి, ఎండ తగిలే దండెం ఉందా, రోజూ ఉతికేది ఎవరు. ఈ మూడూ కుదిరిన ఇంట్లో మూడొందల రూపాయల డైపరైనా బాగా పనిచేస్తుంది. కుదరని ఇంట్లో తొమ్మిదొందలదైనా నెల తిరక్కుండా కంపు కొడుతుంది. అందుకే ఇక్కడ కొనడం గురించి కొంచెం, ఉతకడం గురించి ఎక్కువ ఉంటుంది.

గుడ్డ డైపర్ అంటే మన పాత లంగోటాయేనా?

పని అదే, తయారీ వేరు. లంగోటా తడిని పీల్చుకుంటుంది గానీ బయటికి రాకుండా ఆపలేదు. ఇప్పటి గుడ్డ డైపర్‌లో రెండు భాగాలు ఉంటాయి. బయటిది కవర్: పాలిస్టర్ గుడ్డకి లోపలివైపు పలచటి పాలియురేథేన్ పొర అతికించి ఉంటుంది, దీన్నే పీయూఎల్ అంటారు. నీళ్లు దాటవు, గాలి కొంచెం ఆడుతుంది. లోపలిది ప్యాడ్, తడి పీల్చేది ఇదే. తొడల దగ్గరా నడుము వెనకా ఎలాస్టిక్ ఉంటుంది. ముందువైపు వరసల్లో ఉన్న టిచ్ బటన్లతో బిడ్డ పెరిగేకొద్దీ సైజు పెంచుకుంటూ పోవచ్చు.

ఎన్ని రకాలున్నాయి? ఏది తీసుకోవాలి?

కవర్‌లో మడత గుడ్డ పెట్టి వాడేది అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా త్వరగా ఆరుతుంది. మోషన్ అంటకపోతే కవర్ తుడిచి, కాసేపు గాలికి ఉంచి, మళ్లీ రెండు మూడు సార్లు వాడుకోవచ్చు. పాకెట్ డైపర్‌కి కవర్ లోపల సంచిలాంటి అర ఉంటుంది, అందులోకి ప్యాడ్ దూర్చాలి. ఉతికే ముందు ప్యాడ్ బయటికి లాగడం మర్చిపోతే లోపల మురికి అలాగే ఉండిపోతుంది. మూడో రకంలో ప్యాడ్ టిచ్ బటన్లతో కవర్‌కి తగిలించి ఉంటుంది, విప్పి విడిగా ఆరేసుకోవచ్చు. నాలుగోది అంతా కలిపి కుట్టేసినది. తొడగడం తేలికే గానీ ముసురు పట్టినప్పుడు రెండు రోజులైనా ఆరదు. మన కోస్తా ఉక్కలో ఈ నాలుగోది కొనొద్దనే చెబుతాం.

రోజూ వాడకానికి మూడో రకం, ఇంట్లో ఉన్నప్పుడు కవర్ ప్లస్ మడత గుడ్డ, ఇలా కలిపి పెట్టుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది. సూపర్‌బాటమ్స్, బంపడమ్, బమ్‌బెర్రీ లాంటి మన దేశపు కంపెనీలవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఒక్కసారే డజను కొనకుండా రెండు కంపెనీలవి ఒక్కొక్కటి తెప్పించి వారం వాడి చూడండి. తొడలు సన్నగా ఉన్న బిడ్డకి సరిపోయేది బొద్దుగా ఉన్న బిడ్డకి సరిపోదు.

అప్పుడే పుట్టిన బిడ్డకి ఏం వాడాలి?

"ఒకే సైజు" అని అమ్మే డైపర్లు ప్యాకెట్ మీద ఏం రాసినా, నాలుగున్నర, ఐదు కిలోలు వచ్చేదాకా తొడల దగ్గర వదులుగానే ఉంటాయి. మన పిల్లలు ఎక్కువమంది రెండున్నర, మూడు కిలోల మధ్య పుడతారు. కాబట్టి మొదటి రెండు నెలలకి పొత్తిగుడ్డలే ఉత్తమం. ఈ విషయంలో అమ్మమ్మల మాట నూటికి నూరుపాళ్లు నిజం: బాగా నలిగిన పాత నూలు పంచెని మించిన పొత్తిగుడ్డ లేదు. కొత్త గుడ్డే కావాలంటే విజయవాడ వస్త్రలతలోనో గుంటూరు పట్నంబజారులోనో పలచటి మల్లు గుడ్డ తానుల్లో దొరుకుతుంది. గంజి, పాలిస్టర్ కలవని గుడ్డ అడగండి. నీటిచుక్క వేస్తే వెంటనే ఇంకిపోవాలి, జారితే వద్దు.

పుట్టినప్పటికి 24 అంగుళాల చదరం, మూడు నెలల తర్వాత 28 అంగుళాల చదరం కత్తిరించి అంచులు కుట్టించండి. మడత ఇలా: గుడ్డని సగానికి, మళ్లీ సగానికి మడిస్తే చిన్న చదరం వస్తుంది. పై పొర మూలని పట్టుకుని పక్కకి లాగితే ముక్కోణం తెరుచుకుంటుంది. మొత్తం బోర్లించి, మిగిలిన చదరపు భాగాన్ని మూడు మడతలుగా మధ్యలోకి చుట్టండి. మధ్యలో మందపాటి పట్టీ, రెండు వైపులా రెక్కలు ఉన్న లంగోటా తయారవుతుంది. రెక్కలు నడుం చుట్టూ తెచ్చి ముడి వేయడమో, డైపర్ క్లిప్ పెట్టడమో చేయాలి. పిన్నీసు వద్దు. బొడ్డు ఊడేదాకా ముందు అంచుని బయటికి మడిచి, బొడ్డు కిందే ఉంచండి. బొడ్డుకి తడి తగలకూడదు.

మొత్తం ఎన్ని కావాలి? ఎంతవుతుంది?

మొదటి నెలల్లో రోజుకి పది పన్నెండు సార్లు మార్చాల్సి వస్తుంది. రోజు విడిచి రోజు ఉతికే ఇంటికి పొత్తిగుడ్డలు 24, చిన్న కవర్లు 4 ఉండాలి. మూడు నెలలు దాటాక మార్పిళ్లు ఏడెనిమిదికి తగ్గుతాయి. అప్పుడు డైపర్లు 14, రాత్రికి విడిగా 3 ప్యాడ్లు సరిపోతాయి. వానాకాలానికి ఇంకో ఐదు ప్యాడ్లు కలపండి. కవర్లు కలపనక్కర్లేదు, అవి గంటల్లో ఆరిపోతాయి, ఆలస్యమయ్యేది ప్యాడ్లే.

లెక్క చూద్దాం. డైపర్ 450 రూపాయల చొప్పున 14 కొంటే 6,300. కొని పారేసేవి ఒక్కోటి 10 రూపాయల చొప్పున రోజుకి ఆరు వాడితే నెలకి 1,800. అంటే నాలుగు నెలల్లో పెట్టుబడి వెనక్కి వస్తుంది, సబ్బుపొడి, కరెంటు కలిపితే ఐదో నెల. రెండో బిడ్డకీ అవే వాడితే మిగులు ఇంకా ఎక్కువ. కానీ ఉతికే మనిషికి నెలకి అదనంగా వెయ్యి ఇవ్వాల్సి వస్తే మిగులు సగానికి పైగా దానికే పోతుంది. అది ముందే చూసుకోండి.

ప్యాడ్ ఏ గుడ్డది మంచిది?

మైక్రోఫైబర్, అంటే చాలా సన్నటి పాలిస్టర్ పోగుల గుడ్డ, త్వరగా పీలుస్తుంది, త్వరగా ఆరుతుంది. కానీ బిడ్డ కూర్చుని నొక్కితే పీల్చిన నీళ్లు వదిలేస్తుంది. దీన్ని నేరుగా ఒంటికి తగలనివ్వకూడదు. చర్మంలో ఉండాల్సిన తడినీ లాగేసి ఎర్రగా చేస్తుంది. నూలు నమ్మకమైనది, ఎంత వేడి నీళ్లనైనా తట్టుకుంటుంది. వెదురు పేరుతో అమ్మేది నిజానికి వెదురు గుజ్జుతో చేసిన విస్కోస్. ఎక్కువ పీలుస్తుంది, మెత్తగా ఉంటుంది, ఆరడం ఆలస్యం. హెంప్ ఒక మొక్క నారతో చేసిన గుడ్డ, సన్నగా ఉండి చాలా పీలుస్తుంది గానీ నిదానంగా పీలుస్తుంది. అందుకే ఒక్కటే వాడకుండా మరో ప్యాడ్ కింద పెట్టాలి.

కొత్తవి తెచ్చిన వెంటనే తొడగొచ్చా?

వద్దు. నూలులో, హెంప్‌లో సహజంగా ఉండే నూనె పోయేదాకా అవి సరిగ్గా పీల్చవు. నూలు, వెదురు, హెంప్ ప్యాడ్లని నాలుగైదు సార్లు ఉతికి, ప్రతిసారీ ఆరబెట్టాలి. మైక్రోఫైబర్‌కీ కవర్లకీ ఒక్క ఉతుకు చాలు. మొదటి రోజే కారిందని వెనక్కి పంపేసేవాళ్లలో చాలామంది ఈ పని చేయనివాళ్లే.

సరిగ్గా తొడగడం ఎలా?

బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి డైపర్ వెనక అంచు నడుము దగ్గరికి వచ్చేలా కిందికి జరపండి. ముందుభాగం పైకి తెచ్చే ముందు తొడల ఎలాస్టిక్‌ని వేలితో గజ్జల్లోకి దించండి, మనం వేసుకునే చడ్డీ గీత ఎక్కడ ఉంటుందో అక్కడికి. ఎలాస్టిక్ తొడ మధ్యలో ఉంటే ఖాయంగా కారుతుంది. నడుము బటన్లు పెట్టాక రెండు వేళ్లు పట్టేంత సందు ఉండాలి. చివరగా అంచుల వెంట వేలు తిప్పి, లోపలి గుడ్డ ఎక్కడా బయటికి తొంగిచూడకుండా సర్దండి. తీశాక తొడ మీద లేత గుర్తులు ఉండి కాసేపట్లో పోతే ఫరవాలేదు. లోతుగా, ఎర్రగా ఉంటే ఒక బటన్ వదులు చేయండి.

మొలతాడు సంగతి ఏ ప్యాకెట్ మీదా రాయరు గానీ మన ఇళ్లలో ముఖ్యం. నల్లతాడు డైపర్ లోపల ఇరుక్కుంటే తడి తాగి, ఆ తడిని నడుం చుట్టూ చొక్కాకి అంటిస్తుంది. కారడానికి కారణం తెలియక డైపర్లే మార్చేస్తుంటారు. తడి తాడు రోజంతా ఒరుసుకుని కింద గీతలా ఎర్రబడుతుంది కూడా. తొడిగాక ప్రతిసారీ తాడుని డైపర్ అంచు పైకి లాగండి. కొన్ని డైపర్లకి టిచ్ బటన్ల బదులు వెల్క్రో ఉంటుంది, వెండి మొలతాడు మువ్వలు దానికి చిక్కుకుంటాయి. అందుకే టిచ్ బటన్లవే కొనండి.

కారిపోతోంది. ఎందుకు?

ముందు ఎక్కడ, ఎప్పుడు తడుస్తోందో చూడండి.

తొడిగిన అరగంటకే తొడ పక్కనుంచి కారితే సైజు తేడా, లేదా ప్యాడ్ నీటిని తిప్పికొడుతోంది. ప్యాడ్ మీద చెంచాడు నీళ్లు పోయండి. వెంటనే ఇంకితే తొడగడంలో లోపం, ముత్యాల్లా నిలబడితే ప్యాడ్‌కి నూనె, క్రీము, సబ్బు పట్టాయి. రెండు గంటల తర్వాత ప్యాడ్ అంతా నానిపోయి కారితే అది నిండిపోయిందని అర్థం, ఇంకో పొర కలపాలి. ప్యాడ్ ముందు సగం నాని వెనక సగం పొడిగా ఉంటే పొరలు ముందుకి మడవండి. మగపిల్లలకి ఇది ఎక్కువ జరుగుతుంది. తొడిగేటప్పుడు అంగాన్ని కిందివైపుకి సర్దితే సగం సమస్య తీరుతుంది. ఆడపిల్లలకి మందం మధ్యలో ఉండాలి.

చంకనెత్తుకున్నప్పుడో బౌన్సర్‌లో కూర్చోబెట్టినప్పుడో మాత్రమే కారితే మైక్రోఫైబర్ ఒత్తిడికి నీళ్లు వదులుతోందన్నమాట. దాని కింద నూలు ప్యాడ్ పెట్టండి.

ఎంత పీలుస్తోందో అనుమానంగా ఉంటే వంటింటి కాటా తీయండి. పొడి ప్యాడ్ బరువు రాసుకుని, ఉదయం తడిసిన ప్యాడ్ తూచండి. తేడా గ్రాముల్లో ఎంతో, ఉచ్చ దాదాపు అన్ని మిల్లీలీటర్లు. రాత్రికి 250 వస్తుంటే 200 పట్టే ప్యాడ్‌ని ఎన్ని రకాలుగా మడిచినా లాభం లేదు.

ఎంతసేపటికోసారి మార్చాలి? రాత్రంతా ఉంచొచ్చా?

పగలు రెండు మూడు గంటలకి. మోషన్ అయితే ఆ క్షణమే. రాత్రైతే, బిడ్డకి మూడు నాలుగు నెలలు నిండాక, ఒళ్లు బాగుంటే, రెండు ప్యాడ్లు వేసి ఎనిమిది గంటల దాకా ఉంచొచ్చు. పైన వెదురు లేదా నూలు, కింద హెంప్. ఒంటికి తగిలే పొర మైక్రోఫ్లీస్ (మెత్తటి నూగున్న పలచటి పాలిస్టర్ గుడ్డ, మైక్రోఫైబర్ కాదు) అయితే పొడిగా అనిపిస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో ఈ రెండు ప్యాడ్ల బరువు బిడ్డకి చెమటకాయలు తెప్పిస్తుంది. ఆ రోజుల్లో ఒక్క నూలు ప్యాడ్ వేసి, రాత్రి మధ్యలో ఒకసారి మార్చడమే మేలు.

మా ఇంట్లో బోరు నీళ్లు. ఇబ్బందా?

ఇబ్బందే, కానీ దారి ఉంది. విజయవాడలో కార్పొరేషన్ కుళాయిలో వచ్చేవి ప్రధానంగా కృష్ణ నీళ్లు. గుంటూరుకి తక్కెళ్లపాడు నుంచి వచ్చేవీ అవే. వీటితో పెద్దగా చిక్కులేదు. శివారు కాలనీల్లో, కొత్త అపార్ట్‌మెంట్లలో మాత్రం బోరు, ట్యాంకరు, మునిసిపల్ నీళ్లు మూడూ ఒకే సంపులో కలుస్తాయి. కుళాయి మూతి చుట్టూ, గీజర్ రాడ్డు మీద తెల్లటి పెచ్చు కడుతుంటే మీవి కఠిన జలాలే. ఇంకో పరీక్ష: సీసాలో సగం నీళ్లు పోసి ఒంటిసబ్బు తురుము కొంచెం వేసి గిలకొట్టండి. నురగ నిలిచి కింద నీళ్లు తేటగా ఉంటే మంచి నీళ్లు. నురగ లేకుండా పాలలా విరిగితే కఠిన జలం. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కాఠిన్యం హద్దు లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా.

కాఠిన్యం అంటే కాల్షియం, మెగ్నీషియం. అవి సబ్బుతో కలిసి జిడ్డుగా మారి గుడ్డ పోగుల్లో దిగబడతాయి. మురికి పోదు, ప్యాడ్ అట్టలా బిరుసెక్కుతుంది, పీల్చడం తగ్గుతుంది. చేయాల్సింది: బట్టల సబ్బుబిళ్ల పూర్తిగా మానేసి డిటర్జెంట్ పొడే వాడటం, దానితోపాటు బకెట్‌కి ఒక టేబుల్ స్పూన్ వాషింగ్ సోడా వేయడం. సోడా పూర్తిగా కరిగాకే బట్టలు వేయాలి. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, ఒట్టి చేతులతో కలిపితే చర్మం కొట్టుకుపోతుంది. చివరి జాడింపుకైనా కుళాయి నీళ్లు దొరికితే చాలా తేడా ఉంటుంది.

ఆర్ఓ మెషిన్ నుంచి బయటికి పోయే నీళ్లు బకెట్‌లో పట్టి బట్టలు ఉతికే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. డైపర్లకి మాత్రం వద్దు. వడకట్టిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. వాటితో ఇల్లు తుడుచుకోండి.

మెషిన్‌లో ఎలా ఉతకాలి?

విప్పిన డైపర్‌ని వెంటనే ఒకసారి జాడించి, పిండి, గాలి ఆడే బుట్టలో వేయండి. మూత బిగించిన బకెట్ వద్దు. మన వేడికి రెండు రోజులు దాటనివ్వొద్దు, మే నెలలో రోజూ ఉతకడమే మంచిది. మొదట సగం మోతాదు పొడితో చిన్న వాష్, ఆ నీళ్లు పోయాక పూర్తి మోతాదుతో పొడుగు వాష్. మెషిన్‌లో వేడి సదుపాయం ఉంటే 40 డిగ్రీలు, నూలు ప్యాడ్లు మాత్రమే అయితే 60. డ్రమ్ము మూడింట రెండొంతులు నిండాలి. తక్కువైతే బట్టలు నీళ్లలో తేలుతాయే తప్ప ఒకదానికొకటి రాసుకోవు. బిడ్డ చొక్కాలు, చిన్న తువ్వాళ్లు కలిపి ఆ లోటు నింపండి. ముందు తలుపున్న మెషిన్లు నీళ్లు పొదుపుగా వాడతాయి కాబట్టి ఒక జాడింపు అదనంగా పెట్టండి.

"పసిబిడ్డ కదా" అని పొడి తగ్గించి వేయడం అన్నిటికన్నా ఎక్కువ చూసే పొరపాటు. ఉచ్చ, మలం ఉన్న బట్టలవి, వాటికి ఆఫీసు చొక్కాకన్నా ఎక్కువ పొడి కావాలి. ఒంటికి హాని చేసేది చాలినంత పొడి కాదు, సరిగ్గా జాడించకపోవడం. ఏరియల్, సర్ఫ్ ఎక్సెల్, టైడ్ లాంటి మామూలు పొడులన్నీ పనికొస్తాయి.

ఉతికేది పనమ్మాయి. ఆమెకి ఏం చెప్పాలి?

మూడు మాటలు: బ్రష్ వద్దు, బండకేసి బాదొద్దు, మెలిపెట్టి పిండొద్దు. ఇవి మూడూ పీయూఎల్ పొరనీ ఎలాస్టిక్‌నీ చంపేస్తాయి. ఐదారు డైపర్లకి అర బకెట్ గోరువెచ్చటి నీళ్లు, రెండు టేబుల్ స్పూన్ల పొడి. అరగంట నాననిచ్చి, ప్యాడ్లని రెండు చేతులతో నొక్కుతూ ఐదు నిమిషాలు ఉతకాలి. కవర్‌ని అరచేత్తో రుద్దితే చాలు. తర్వాత నురగ రాకుండా పోయేదాకా, కనీసం మూడు నీళ్లు. రాత్రంతా నానబెట్టడం వద్దు, క్రిములు పెరుగుతాయి. పైగా పాకే బిడ్డ ఉన్న ఇంట్లో నీళ్లు నిండిన బకెట్ అందుబాటులో ఉంచడం ప్రాణాపాయం.

మోషన్ ఎలా శుభ్రం చేయాలి?

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డది నీళ్లలో కరిగిపోతుంది. జాడిస్తే చాలు. ఆరో నెలలో అన్నప్రాశన అయ్యాక గట్టిపడుతుంది. అప్పుడు టాయిలెట్‌లోకి దులిపి, హెల్త్ ఫాసెట్‌తో కొట్టి కడగాలి. ఫాసెట్ లేని చోట ఒక మగ్గు, విడిగా ఉంచిన పాత టూత్‌బ్రష్. ఆ బ్రష్ ప్యాడ్‌కే, కవర్‌కి కాదు. మలం ప్యాడ్‌కి అంటకుండా దాని మీద పలచటి లైనర్ కాగితం వేస్తే పని తగ్గుతుంది. దాన్ని మాత్రం కమోడ్‌లో వేయకండి, ఎలాంటిదని రాసినా అపార్ట్‌మెంట్ పైపులు పూడిపోతాయి.

కుంకుడుకాయ, డెట్టాల్, కంఫర్ట్, వెనిగర్?

కుంకుడు రసం పట్టుచీరకి సరే, డైపర్‌కి శక్తి చాలదు. డెట్టాల్ ఒంటికి మండుతుంది, సరిగ్గా ఉతికితే అవసరం లేదు. కంఫర్ట్ లాంటివి గుడ్డకి మెత్తటి పూత పూస్తాయి, ఆ పూత మీద నీళ్లు జారిపోతాయి. వెనిగర్ తరచూ వాడితే ఎలాస్టిక్ పాడవుతుంది.

ఉతికినవి బాగానే ఉంటాయి, బిడ్డ తడపగానే ఘాటు వాసన. ఏం చేయాలి?

అది అమ్మోనియా. ఉచ్చలోని యూరియాని గుడ్డలో మిగిలిపోయిన క్రిములు విరగ్గొడితే వస్తుంది. రాత్రి ప్యాడ్ ఉదయానికి కాస్త వాసన రావడం మామూలే. కానీ శుభ్రమైన ప్యాడ్ తడిసిన అరగంటకే కళ్లు మండేంత ఘాటు వస్తే అది ఉతుకు లోపం. వరసగా మూడు ఉతుకులు పూర్తి మోతాదు పొడి, సోడా, వేడి నీళ్లతో చేయండి. చాలావరకు అక్కడికే పోతుంది. ప్యాడ్లు బిరుసుగా కూడా ఉంటే వాటిని మాత్రం బకెట్ వేడి నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి గంట నానబెట్టి, జాడించి, మళ్లీ మామూలుగా ఉతకండి. బ్లీచ్ వాడదలిస్తే సీసా మీద రాసిన పాళ్లలో, మరో రోజు. నిమ్మ ఉప్పు, వెనిగర్ లాంటి పుల్లటి వాటితో బ్లీచ్ కలిస్తే విషవాయువు పుడుతుంది. ఒకే బకెట్‌లో ఒకదాని తర్వాత ఒకటి పోసినా ప్రమాదమే.

ఎండలో వేయొచ్చా? వానాకాలంలో ఎలా?

ప్యాడ్లు ఎంత ఎండలో వేస్తే అంత మంచిది. పసుపు మరకలకి ఎండని మించిన మందు లేదు: తడిగా ఉండగానే మరక పైకి వచ్చేలా ఆరేయండి. కవర్లు మాత్రం ఉదయం ఎండ తగిలాక నీడకి మార్చాలి. వేసవిలో మనకి 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండలో డాబా మీద మధ్యాహ్నమంతా వదిలేస్తే పొర పెళుసెక్కి, బుడగలుగా లేస్తుంది. ఎలాస్టిక్ మీద బరువు పడకుండా డైపర్‌ని అడ్డంగా దండెం మీద మడతేసి వేయండి.

ముసురు రోజుల్లో ప్యాడ్లని మెషిన్‌లో రెండోసారి స్పిన్ చేసి, పొడి తువ్వాల్లో చుట్టి నొక్కి, ఫ్యాన్ కింద స్టాండు మీద విడివిడిగా వేయండి. పైకి ఆరినట్టున్నా మధ్య కుట్టు దగ్గర వేళ్లతో నొక్కి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. కుంపటి మీద, సాంబ్రాణి పొగ మీద కవర్లు ఆరబెట్టొద్దు. పొర కరుగుతుంది, ఆ పొగ పసివాళ్ల ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇంట్లో ఒక ప్యాకెట్ కొని పారేసే డైపర్లు ఎప్పుడూ ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి ఇళ్ల చుట్టూ నీళ్లే, ఉతుక్కోడానికి మాత్రం చుక్క లేదు. వాడిన ఆ పారేసే డైపర్లని కాగితంలో చుట్టి చెత్తబండికి విడిగా ఇవ్వాలి. ఘన వ్యర్థాల నిబంధనలు వాటిని శానిటరీ చెత్తగానే లెక్కిస్తాయి.

నూనె మర్దనా, నలుగు, పౌడరు, ర్యాష్ క్రీములు?

నూనె రాసిన ఒంటికి డైపర్ తొడిగితే ఆ నూనె ప్యాడ్‌కి పట్టి నీళ్లు ఇంకవు. మర్దనా తర్వాత స్నానం దాకా పాత పంచె ముక్క చుట్టండి. సున్నిపిండి గజ్జల మడతల్లో మిగిలితే ఒరుసుకుంటుంది, బాగా కడిగి, ఒత్తి తుడవండి. పౌడరు అక్కర్లేదు, ఆ ధూళి బిడ్డ పీల్చడం ప్రమాదం. జింక్ క్రీము రాయాల్సి వస్తే మధ్యలో పలచటి గుడ్డ ముక్క వేయండి.

ఎర్రదనం తడి వల్లయితే గాలి తగలనిచ్చి, త్వరత్వరగా మారిస్తే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. మడతల్లో ముదురు ఎరుపు, చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు ఉంటే అది ఫంగస్. పిల్లల డాక్టర్‌కి చూపించాలి. పుళ్లు పడినా, చీము పట్టినా, జ్వరం ఉన్నా ఆలస్యం వద్దు.

ఇంత లావు డైపర్ వేస్తే కాళ్లు వంకర పోతాయని మా నాయనమ్మ భయపడుతున్నారు.

పోవు. పసిపిల్లల కాళ్లు పుట్టుకతోనే కొంచెం విల్లులా ఉంటాయి. ఏడాదిన్నర, రెండేళ్లకి వాటంతట అవే సర్దుకుంటాయి. తొడలు ఎడంగా ఉండటం తుంటి కీళ్లకి మంచి భంగిమే. కాళ్లు రెండూ చాపి బిగించి చుట్టడమే తుంటికి మంచిది కాదు.

పెద్దవాళ్లు కాళ్ల మీద కూర్చోబెట్టి ఉచ్చ పోయిస్తున్నారు. మానిపించాలా?

ఎందుకు మానిపించాలి? నిద్ర లేవగానే, పాలు తాగిన పది నిమిషాలకి అలా పోయిస్తే రోజుకి రెండు మూడు డైపర్లు మిగులుతాయి. మెడ నిలిచే వరకు తలకి ఆసరా ఇవ్వాలి, రాకపోతే బలవంతం చేయకూడదు. అంతే.

పుట్టింటి నుంచి అత్తారింటికి వచ్చాక డైపర్లు పాడయ్యాయి. అప్పటిదాకా బాగున్నాయే?

డైపర్లు మారలేదు, నీళ్లు మారాయి. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో ఊరు మారినప్పుడు పొడి మోతాదు, సోడా లెక్క మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. బిడ్డ ఉచ్చ పరిమాణం పెరిగేదీ ఆ నెలల్లోనే. కాబట్టి రెండు కారణాలూ కలిసి వస్తాయి. నీళ్ల పరీక్ష చేయండి, ప్యాడ్ తూచండి.

ప్రయాణాల్లో?

విజయవాడ నుంచి గుంటూరు గంట దారే. ఒక మార్పిడి, తడిసిన డైపర్ వేసుకోడానికి నీళ్లు కారని, జిప్ ఉన్న తడి సంచి ఒకటి చాలు. తిరుపతి లాంటి దూరాలకి, బారసాల, పెళ్లి సందడిలో కొని పారేసేవే వాడుకోండి. దానికేం తప్పులేదు. తడి సంచిలో పెట్టినవి ఇంటికి రాగానే తీసి జాడించండి, కారులో రాత్రంతా వదిలేస్తే బూజు చుక్కలు పడతాయి. అవి పోవు.

ఎవరో వాడినవి తీసుకోవచ్చా?

కవర్ లోపలివైపు వెలుతురుకి పెట్టి చూడండి. పగుళ్లు, బుడగలు ఉంటే వద్దు. ఎలాస్టిక్ లాగి వదిలితే వెనక్కి రావాలి. ప్యాడ్లు బాగుంటే వేడి నీళ్లలో ఉతికి నిశ్చింతగా వాడుకోవచ్చు.

రెండో బిడ్డ కోసం దాచాలంటే?

పూర్తిగా ఉతికి, రెండు రోజులు ఆరబెట్టి, టిచ్ బటన్లు విప్పి, గాలి ఆడే నూలు సంచిలో పెట్టండి. గట్టి ప్లాస్టిక్ కవర్‌లో కట్టిపెడితే మిగిలిన కొద్ది తడికే బూజు వస్తుంది. బీరువాలో కలరా ఉండలు మాత్రం వేయొద్దు. అందులో ఉండే నాఫ్తలీన్ గుడ్డకి పట్టి, జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్న పసిబిడ్డల్లో ఎర్ర రక్తకణాలని విరిచేస్తుంది. కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. బిడ్డకి ఆ లోపం ఉందో లేదో చాలామందికి ముందు తెలియదు. ఎండిన వేపాకు వేయండి. కలరా ఉండలతో ఇప్పటికే దాచి ఉంటే ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండకీ గాలికీ ఆరేయండి. వాసన పోని వాటిని బిడ్డకి వాడకండి.